ముక్కు లేని హంస

నా చిన్నప్పుడు మా ధర్మవరంలో ఇంటికి ఆడచుట్టం వస్తే ముందు ఆమె కొంగు తిరగేసి చూసేవాళ్లు, ఆ తర్వాతే మంచినీళ్లిచ్చేవాళ్లు. అది అమర్యాద అని మాకెవరూ చెప్పలేదు. చీరలు నేసేవాళ్ల ఊరు మాది. చీరను ముందువైపు చూసేది కొనేవాళ్లు, వెనకవైపు చూసేది నేసేవాళ్లు. వెనక పోగులు ఎట్లా తెంచారో, ఎట్లా ముడివేశారో చూసి అది ఏ వీధిలో నేసిందో మా అవ్వ చెప్పేసేది. వచ్చిన చుట్టం కూడా ఏమీ అనుకోకుండా, తిరగేయడానికి వీలుగా కాస్త పక్కకు తిరిగి నిలబడేది. ఊరు దాటితే ఈ అలవాటు పనికిరాదని నాకు తెలిసింది బెంగళూరు లాల్‌బాగ్‌లో.

మా నాయనది గుంటమగ్గం. నడుము దాకా గుంటలో ఉండేవాడు, మిగిలిన మనిషి పైన ఉండేవాడు. ఆయన పొట్టిగా ఉంటాడని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. నేసిన చీరలు షావుకారు తీసుకుపోయేవాడు. ఆ తర్వాత అవి ఏ ఊరికి పోయేవో, ఎవరు కట్టుకునేవాళ్లో మాకు తెలిసేది కాదు. అప్పటికి ఆయన కొన్ని వందల చీరలు నేసి ఉంటాడు. వాటిలో ఒక్కదాన్ని కూడా ఒక మనిషి ఒంటి మీద చూడలేదు. మా అమ్మ కట్టుకునేది నూలు చీరలు.

ఆ వందల్లో ఒకదాన్ని మాత్రం మా ఇంట్లో ఎవరం మరిచిపోలేదు. వంకాయరంగు చీర, చిలకపచ్చ అంచు, కొంగు నిండా హంసల వరుసలు. చివరి వరుసలో ఒక హంసకు ముక్కు రాలేదు. జరీపోగు ఎప్పుడు తెగిందో ఏమో, నాయన చూసుకునేసరికి దాని మీద ఇంకో జానెడు నేత అయిపోయింది. షావుకారు కళ్లజోడు పెట్టుకుని చూసి కూడా కనిపెట్టలేదు. నాయన మాత్రం ఆ హంసను మనసులోంచి తీసేయలేకపోయాడు. అన్నం తింటూ తింటూ ఆగి, "ఆ ముక్కులేంది ఎవురింట్లో ఉండాదో" అనేవాడు. తప్పిపోయిన పిల్లను గురించి కూడా మనుషులు అంత దిగులుగా మాట్లాడరు.

నేను ఆరో తరగతిలో ఉండగా మగ్గాలకు పని తగ్గింది. బెంగళూరులో ఒక మిల్లులో కాపలా పని చేస్తున్న మా మామ, అంటే అమ్మ తమ్ముడు, నాయనకు కూడా అక్కడే గేటు దగ్గర పని చూశానని కబురు పంపాడు. ఒక ఆదివారం వచ్చి మిల్లు పెద్దాయనకు కనపడితే చాలు, మరుసటి వారం నుంచి చేరిపోవచ్చు, ఇల్లు కూడా అక్కడికే మార్చుకోవచ్చు. నాయన రెండు వారాలు ఏమీ అనలేదు. మూడో వారం, "పాపకు బెంగళూరు సూపిచ్చుకోని వస్తా" అన్నాడు. మగవాళ్లు భయం వేసినప్పుడు పిల్లల్ని తోడు తీసుకుపోతారని నాకు అప్పటికి తెలియదు.

నాకైతే భయం లేదు, తొందర ఉంది. అక్కడ కొళాయి తిప్పితే నీళ్లొస్తాయని, వీధి చివరన కూడా పూలతోట ఉంటుందని మామ చెప్పాడు. నేను బెంగళూరికి మారిపోతున్నామని తరగతిలో అందరికీ చెప్పేశాను. బెంచీలో కిటికీ పక్కనున్న నా చోటును పక్కింటి పిల్లకు ఇచ్చేశాను కూడా. ఇక బెంగళూరు పోకపోతే నాకు ధర్మవరంలో కూర్చోవడానికి చోటు లేదు.

తెల్లవారకముందే రైలెక్కాం. పెనుకొండ వచ్చేసరికి కొండ మీద ఎండ పడింది. హిందూపురంలో పెట్టెలోకి కన్నడం ఎక్కింది. బెంగళూరులో ముందు విధానసౌధ చూశాం, రోడ్డు అవతల నిలబడి. నాయన తల పైకెత్తి చాలాసేపు చూసి, "కట్టినోళ్లు బాగా కట్టినారు" అన్నాడు. ఆ భవనం గురించి తర్వాత కాలేజీలో నేను చదివిన వ్యాసాలు ఇంతకంటే పెద్దగా ఏమీ చెప్పలేదు.

లాల్‌బాగ్‌లో ఆ రోజు గాజుమేడ నిండా పూల ప్రదర్శన. ఊరు ఊరంతా అక్కడే ఉన్నట్టుంది. జనం పూలను చూస్తున్నారు. నాయన జనాన్ని చూస్తున్నాడు. సరిగ్గా చెప్పాలంటే జనంలో ఆడవాళ్లను, ఇంకా సరిగ్గా చెప్పాలంటే వాళ్ల చీరలను చూస్తున్నాడు. ఈ తేడా చూసేవాళ్లకు తెలియదు గదా. ఒకరిద్దరు మగవాళ్లు ఆయన వైపు గుర్రుగా చూశారు. నేను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

బయట పెద్ద బండ మీద జనం కూర్చుని ఉన్నారు. నాయన హఠాత్తుగా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"పాపా, అదో, బిడ్డనెత్తుకోని కూసుండాదే ఆయమ్మ. ఆ చీర సూడు."

చూశాను. వంకాయరంగు, చిలకపచ్చ అంచు.

"అట్లాటివి శానా ఉంటాయి నాయనా."

"ఉంటాయి. నువ్వు పోయి కొంగు చివర సూసి రా. కడ వరసలో ఎడమపక్క నుంచి నాలుగోది. నేను పోతే తంతారు."

ఆ చివరి మాట నిజమే కాబట్టి నేనే పోయాను. ఆమె వెనక్కు చేరి, మా ఇంట్లో చుట్టాలకు చేసినట్టే, కొంగు అంచు పట్టుకుని తిరగేశాను. నాలుగో హంసకు ముక్కు లేదు. ముక్కు ఉండాల్సిన చోట ఉత్త వంకాయరంగు పట్టు, అంతే. మా ఇంట్లో అన్నం దగ్గర రోజూ తలుచుకునే ఆ హంస, ఎవరో తెలియని ఒక బెంగళూరు అక్క భుజం మీద నుంచి వేలాడుతోంది.

అంతలో ఆమె గబుక్కున కొంగు లాక్కుని తిరిగింది. కన్నడంలో ఏదో గద్దించింది. నేను భయపడి తెలుగులో మొత్తం చెప్పేశాను. మాది ధర్మవరమని, మా ఊళ్లో అందరి కొంగులూ ఇట్లాగే చూస్తామని, దొంగతనం చేయలేదని. నాయన సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె ఫక్కున నవ్వింది. వాళ్లింట్లో కూడా తెలుగేనట.

"పెండ్లికి పెట్టిన చీర పాపా ఇది. నాకుండే పట్టుచీరల్లో గుచ్చుకోనిది ఇదొక్కటే. సూడు, బిడ్డ కూడా దీంట్లోనే నిద్రపోతాది. ఎవురు నేసినారో ఏమో, వాళ్ల చెయ్యి సల్లగుండ."

బిడ్డ నిజంగానే కొంగులో మొహం పెట్టుకుని నిద్రపోతోంది.

నేను వెనక్కు తిరిగాను. నాయన పదిహేను అడుగుల దూరంలో ఒక చెట్టు ముందు నిలబడి, దానికి కొట్టిన పేరుపలకను శ్రద్ధగా చదువుతున్నట్టు నటిస్తున్నాడు. ఆయనకు తెలుగు చదవడమే అంతంతమాత్రం. ఆ పలక మీద తెలుగు లేనే లేదు. ఆ పదిహేను అడుగుల్లో నాకు ఒక విషయం అర్థమైంది. ఈ మాట ఆయన చెవిన పడితే ఇక గేటూ లేదు, మిల్లూ లేదు, బెంగళూరూ లేదు. మళ్లీ గుంటలో దిగుతాడు.

"కాదు నాయనా. అన్నిటికీ ముక్కులుండాయి."

"అట్లనా," అన్నాడు. "ఆయమ్మ నీతో ఏమో మాట్లాడె గదా?"

"టైమెంతని అడిగె."

మా ఇద్దరిలో ఎవరికీ గడియారం లేదు. నాయన "ఇంకెవురో నేసింటారులే" అని నడవడం మొదలుపెట్టాడు.

మిల్లు దగ్గర మామ మా కోసం ఎదురుచూస్తున్నాడు. పెద్దాయన మంచివాడే. నాయనను రెండు ప్రశ్నలు అడిగి, ఒక ఖాకీ చొక్కా తెప్పించి కొలతకు వేసుకోమన్నాడు. చేతులు వేళ్ల దాకా వచ్చాయి. ఎప్పుడూ పోగులు వెతుక్కుంటూ ఉండే ఆ వేళ్లు ఆ చొక్కాలోంచి కొసలు మాత్రం బయటపెట్టి, ఏం చేయాలో తెలియనట్టు ఉండిపోయాయి. "ఎట్లుండాది పాపా?" అన్నాడు నవ్వుతూ. "బాగుండాది" అన్నాను. ఒక్క రోజులో ఇది మూడో అబద్ధం. అంతకుముందు వారానికొకటి కూడా ఆడేదాన్ని కాదు.

"అదృష్టం బావా, ఊరికే వచ్చిన పని గాదు, సోమవారమే వచ్చెయ్" అన్నాడు మామ. నాయన సరేనన్నాడు. నేను అనుకున్నదంతా జరిగింది. సంతోషం ఎప్పుడు మొదలవుతుందా అని స్టేషన్ దాకా చూస్తూనే ఉన్నాను.

రైలు హిందూపురం దాటాక నాయన ఉన్నట్టుండి మాట్లాడాడు. నాకు ధైర్యం చెబుతున్నాననుకున్నాడో, తనకు తానే చెప్పుకున్నాడో తెలియదు.

"ఒగందుకు మంచిదేలే పాపా. బెంగళూరులో ఉంటే ఆదివారం ఆదివారం ఆ తోటకు పోదాం. అంతమంది ఆడోళ్లు వస్తాండారు గదా. ఎప్పుడో ఒగ పొద్దు ఆ ముక్కులేంది కనపడకపోతుందా?"

నేను ఏడ్చేశాను. మామూలుగా కాదు, ఎదురుసీటులో వేరుశనక్కాయలు తింటున్న ముసలాయన ఒలవడం ఆపి చూసేంతగా. ఏడుస్తూనే చెప్పాను. నాలుగో హంసకు ముక్కు లేదని, అది నీదేనని, ఆమె టైము అడగలేదని.

నాయన కోప్పడతాడనుకున్నాను. ఆయన నా వైపు తిరిగాడు.

"అయితే ఆయమ్మ ఏమనె?"

చెప్పాను. గుచ్చుకోదని, బిడ్డ నిద్రపోతుందని, వాళ్ల చెయ్యి చల్లగుండ అన్నదని.

"మళ్లా చెప్పు."

మళ్లీ చెప్పాను. పెనుకొండ వచ్చేలోగా మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి నేను ఒక మాట మింగేస్తే, "బిడ్డ సంగతి ఇడిసిపెడితివే" అని దిద్దాడు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. కుచ్చిళ్లు బాగా నిలిచినాయా? జరీ నల్లబడలేదు గదా? అంచు దగ్గర ముడత పడిందా? నేను చూడనివి కూడా ఆయన అడిగాడు. తెలియనివాటికి తెలియదనే చెప్పాను. ఆ రోజుకు ఇంక అబద్ధాల ఓపిక నాలో మిగల్లేదు. శనక్కాయల ముసలాయన అన్నీ విని, "ఏమప్పా, చీర నీదేనా అయితే?" అన్నాడు. నాయన సిగ్గుపడ్డాడు. నాయన సిగ్గుపడగా నేను చూడడం అదే మొదలు.

దిగే ముందు ఒక్క మాట అన్నాడు. తిట్టు అనుకుంటే అదే తిట్టు.

"నీకు బెంగళూరు కావాలంటే కావాలని నాకు చెప్పాల పాపా. ఆయమ్మ మాట ఎందుకు పట్టుకుంటివి? నువ్వు చెప్పకపోయింటే అది యాడికి పోయుండు?"

ఇంటికి రాగానే అమ్మ పని సంగతి అడిగింది. నాయన నన్ను ముందుకు తోసి, "ముందు ఇది చెప్పేది ఇను" అన్నాడు. నాలుగోసారి చెప్పాను. అమ్మ విని, కళ్లు తుడుచుకుని, "అయితే పోవా?" అంది. "పోను" అన్నాడు.

సోమవారం ఆయన గుంటలో దిగాడు. మామ రెండేళ్లు మాతో మాట్లాడలేదు. నేను బడికి పోతే నా కిటికీ చోటు తిరిగి ఇవ్వడానికి పక్కింటి పిల్ల ఒప్పుకోలేదు. ఆ ఏడాదంతా బెంచీ కొసన సగం గాలిలో కూర్చున్నాను.

నాయన చేసింది తెలివైన పనేనని నేను అనను. మగ్గం మమ్మల్ని గొప్పవాళ్లను చేయలేదు. పస్తులున్న రోజులున్నాయి, ఆయన నడుము చివరికి వంగిపోయింది. ఖాకీ చొక్కా వేసుకుని ఉంటే నిటారుగా ఉండేవాడేమో. కానీ ఆ నిర్ణయం ఆయన అన్నీ తెలిసి తీసుకున్నాడు. నేను నోరు విప్పకపోయి ఉంటే తెలియకుండా తీసుకునేవాడు. ఒక పిల్ల పదిహేను అడుగుల దూరంలో ఎంత పెద్ద వస్తువును దాచేయగలదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

అప్పటి నుంచి ఒకరి పని గురించి మంచిమాట నా నోటికొచ్చినా, చెవిన పడినా ఆ పూటే వాళ్లకు చేర్చేస్తాను. దీనివల్ల నాతో ఊళ్లు చూడడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. పోయినేడు మా మనవరాలు నన్ను బెంగళూరంతా మెట్రోలో తిప్పి, ఒక చిన్న హోటల్లో టిఫిన్ పెట్టించింది. తిన్నాక చట్నీ చేసిన మనిషిని పిలవమన్నాను. మనవరాలు తల పట్టుకుంది. ముందు మేనేజరు వచ్చి ఏమైనా తప్పు జరిగిందా అన్నాడు. లేదు, చేసినాయనే కావాలన్నాను. లోపలి నుంచి ఒకాయన చేతులు తుడుచుకుంటూ, మాట పడడానికి సిద్ధమైన మొహంతో వచ్చి నిలబడ్డాడు. చట్నీ చాలా బాగుంది, అది చెప్పడానికే పిలిచానన్నాను.

ఆయన బల్ల మీదికి వంగి నా ప్లేటులోకి చూసి, "ఏది అవ్వా, ఎర్రదా, తెల్లదా?" అన్నాడు.

ఎర్రదన్నాను.