చిలుక ముక్కు

గుంటూరులో మా వీధి గ్రంథాలయం పాత టేకు తలుపు మీద ఒక చిలుకను చెక్కారు. లోపలికి వెళ్లేటప్పుడల్లా దాని ముక్కు తాకేదాన్నని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మిర్చి వ్యాపారులు ఆ భవనం పడగొట్టి కొత్తది కట్టిస్తారని తెలిసిన రోజుల్లో, ఒంగోలు బస్సులో పక్క సీటాయన చేతిలో ఆ తలుపు ఫొటో చూశాను. పాత తలుపులు హోటళ్లకు అమ్ముకునేవాళ్లుంటారని విన్నాను. ఆయన్నే అడిగాను.

“దీన్ని ఎవరికి అమ్ముతున్నారండీ?”

“అమ్మడమేంటమ్మా! కొత్త బిల్డింగ్‌కీ ఇదే తలుపు. ప్లాను గీసింది నేనే.”

“అందరూ అలాగే అంటారు. తీరా చూస్తే పాలిష్ కొట్టి గుర్తుపట్టకుండా చేస్తారు.”

నేను నమ్మలేదు. ఆయన దిగబోతూ వెనక్కి తిరిగి అన్నాడు:

“పాలిష్ పట్టిస్తానమ్మా. ఆ చిలుక ముక్కొక్కటి వదిలేయమన్నాను. ఎవరి చెయ్యో తగిలి తగిలి అదే నున్నబడింది.”