ఉత్తరపు గోడకు కన్నం

నీ బతుకు ఎలా గడుస్తోందని అడిగితే వెర్నా బిట్సిలీ గొర్రెల సంగతో మగ్గం సంగతో చెప్పేది గానీ, నిజానికి పదకొండేళ్ళుగా ఆవిడని ఆడిస్తున్నది ఐసుగడ్డ. మొగుడు డెల్‌బర్ట్‌కి చక్కెర జబ్బు. అతని ఇన్సులిన్ చల్లగా ఉండాలి. కరెంటు తీగలేమో లోయ అవతలి నుంచే వెళ్ళిపోయాయి, వీళ్ళ వైపు తొంగి కూడా చూడకుండా. అందుకని రోజు విడిచి రోజు ముప్ఫై ఎనిమిది మైళ్ళు పికప్ బండి తోలుకెళ్ళి, దుకాణంలో ఐసు కొనుక్కొచ్చి మందు చుట్టూ పేర్చేది. కిందటి జులైలో వానకి దారి తెగి మూడు రోజులు కదల్లేకపోయింది. మందు పాడైంది. ఆ సంగతి తెలియక డెల్‌బర్ట్ ఆ మందే పొడుచుకుని తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పడ్డాడు. ఇంకోసారి ఇలా అయితే మేమేం చెయ్యలేమని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. ఆ మెల్లదనమే వెర్నాని ఎక్కువ భయపెట్టింది.

ఈసారి జూన్‌లో దుకాణం గోడ మీద ఒక కాగితం కనిపించింది: సోలార్ ట్రైలర్ అమ్మబడును, వాడినది, నాలుగు ప్యానెళ్ళు, బ్యాటరీలు మంచివి, కొండ వెనక ఇల్లు. ఎక్కడికి కావాలంటే అక్కడికి లాక్కుపోగల కరెంటు అన్నమాట. ఫ్రిజ్ నడుస్తుంది. వెర్నా నాలుగు నెలలు కూర్చుని నేసిన పెద్ద తివాచీని చుట్టి, దాచుకున్న డబ్బు నడుముకు కట్టుకుని బయల్దేరింది. తోడు మేనత్త కూతురు లొరీన్. నోరు ఊరుకోని మనిషి, వేళాకోళం ఆడకపోతే వదినావరసకే అవమానం అనుకునే రకం.

"ఆ తివాచీతో పాటు అన్నయ్యని కూడా ఇచ్చెయ్ వదినా. అప్పుడు మందూ అక్కర్లేదు, ఫ్రిజ్జూ అక్కర్లేదు."

"వాళ్ళు ఇంత పాతది తీసుకోరే. నిన్ను కలిపిచ్చినా తీసుకోరు."

కొండ వెనక కొత్త ఇల్లు, పక్కనే దుంగలతో మట్టితో గుండ్రంగా కట్టిన పాతకాలపు ఇల్లు, హోగన్. పెద్దవాళ్ళ పద్ధతి ప్రకారం, ఇంటివాళ్ళు బయటికొచ్చేదాకా బండిలోనే కూర్చున్నారు. నలభై అయిదేళ్ళ మనిషి తలుపు తీసుకుని వచ్చింది. పేరు హారియట్. ముందు వంశాలు చెప్పుకున్నారు. వెర్నా తల్లిది చేదునీటి వంశం. అది వినగానే హారియట్ ముఖం కొంచెం విప్పారింది.

"మా నాన్నది చేదునీళ్ళే. అయితే నువ్వు నాకు అత్తవి. రా అత్తా, కాఫీ తాగు."

కాఫీ అయ్యింది, మటన్ పులుసు అయ్యింది, ట్రైలర్ చూడ్డం మొదలైంది. హారియట్ ప్యానెళ్ళు విప్పి చూపించింది, ఫ్యాను తగిలించి తిప్పింది. చక్రాలు గట్టివి. వెర్నాకి మనసులో ఫ్రిజ్ కూడా కొనేసినట్టే ఉంది.

"ఇంత మంచిదాన్ని ఎందుకమ్మా అమ్మేస్తున్నారు?" అంది.

"ఇంటికి కరెంటు లైను వచ్చేసింది. ఇక దీంతో పనిలేదు," అంది హారియట్. అంతటితో ఆగి, కళ్ళు దించుకుని, "దీన్ని ఎంతో మోజుపడి కొన్నాడు," అంది. ఎవరు కొన్నారో చెప్పలేదు. మూతి బిగుసుకుపోయింది.

అప్పుడు చూసింది వెర్నా. ట్రైలర్ పక్కన నేల మీద మగవాడి టోపీ, ఒక జత బూట్లు, మడత పెట్టిన దుప్పటి. ఆ వెనక హోగన్. దాని ఉత్తరపు గోడకి మనిషి పట్టేంత కన్నం.

వాళ్ళ ఆచారంలో, హోగన్‌లో మనిషి పోతే శవాన్ని ఉత్తరపు గోడ పగలగొట్టి అటునుంచి తీస్తారు, ఇక ఆ ఇంట్లో ఎవరూ అడుగుపెట్టరు. పోయినవాడి వస్తువు ముట్టరు. పేరెత్తరు. ఎలా పోయాడని అడగరు, ఎవరు పోయారని అసలే అడగరు. వెర్నా కూడా అడగలేదు. ప్యానెల్ మీద పెట్టిన చెయ్యి తీసి లంగాకి తుడుచుకుంది.

"మా బండి కొక్కేనికి ఇది సరిపడేట్టు లేదమ్మా," అంది.

హారియట్ కొక్కెం వంక చూసింది. అది చక్కగా సరిపోతుందని గుడ్డివాడికైనా తెలుస్తుంది. "సరే అత్తా," అంది అంతే, తల తిప్పేసుకుంది.

బండి కదిలాక లొరీన్ మొదటిసారి వేళాకోళం మానేసింది. "వదినా, మందు సంగతి? వానలు ఇంకో మూడు వారాల్లో పడతాయి."

"నాకు తెలీదంటావా?"

"శుద్ధి చేయించుకోవచ్చుగా. దోషం పోయే పాటలు పాడే పెద్దాయన్ని పిలుద్దాం."

"జబ్బుమనిషి ఉన్న ఇంటికి చావు తగిలిన సొమ్ము తోలుకెళ్ళమంటావా? ఆయనకి ఏమన్నా అయితే ఐసు లేక అయిందో దానివల్ల అయిందో నేను ఎవర్ని అడగను?" ఆ మాటతో వెర్నాకి ఏడుపు వచ్చేసింది. తెస్తే ఒక భయం, తేకపోతే ఒక భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురం తన చేతుల్లోంచి జారిపోతున్నట్టు స్టీరింగు గట్టిగా పట్టుకుంది.

పశువుల గేటు దగ్గర ఎదురుగా ఒక పికప్ వచ్చి ఆగింది. నిండా దుంగలు. తోలేవాడి తలకి టోపీ లేదు, ఎండకి నుదురు కమిలిపోయి ఉంది. ఆ దారి ఒక్క ఇంటికే పోతుంది. అతను అద్దం దించాడు.

"ట్రైలర్ కోసమా అక్కా? మీరూ వట్టి చేతులతోనే పోతున్నారా?"

లొరీన్ అంది, "నువ్వెవరయ్యా?"

"విల్‌ఫర్డ్‌ని. ట్రైలర్ నాదే." నుదురు రుద్దుకున్నాడు. "మీరూ ఆ కన్నమే చూశారు కదూ. మీతో కలిపి నాలుగో బేరం. ఒకాయన టైరు బాలేదన్నాడు, ఒకావిడ కల వచ్చిందంది. అమ్ముదామని ట్రైలర్‌ని బయటికి తీస్తూ, చూసుకోకుండా వెనక్కి పోనిచ్చి మా అత్తగారి హోగన్‌ని గుద్దేశాను అక్కా. నాలుగు వైపులుండగా ఉత్తరమే దొరికింది నాకు. కుక్క కూడా చావలేదు అందులో. ఆరు రోజులుగా చుట్టాలెవరూ గడప తొక్కడం లేదు. మా ఆవిడ నా టోపీ, బూట్లు, పక్కబట్టలు బయట పారేసింది. గోడ కట్టేదాకా నా పేరెత్తనని ఒట్టుపెట్టుకుని, వచ్చినవాళ్ళతో కూడా ఏం చెప్పటం లేదు."

వెర్నా నవ్వింది, నవ్వుతూనే మొహం కప్పుకుని ఏడ్చింది.

"గిల్లి చూడనా వదినా, నిజంగా బతికే ఉన్నాడో లేదో?" అంది లొరీన్.

"ఆ పని మా ఆవిడ చేస్తుందిలే," అన్నాడు విల్‌ఫర్డ్.

బండి వెనక్కి తిప్పారు. వీళ్ళని చూసి హారియట్ గుమ్మంలోనే నిలబడిపోయింది. వెర్నా దిగి దగ్గరికెళ్ళింది. "కోపమైతే కోపమని చెప్పొద్దూ? నిన్ను చూసి నేను నీ కోసం దుఃఖపడి పోయానే," అంది. హారియట్ మొగుడి వంక చూసింది. ఆరు రోజుల తర్వాత మొదటిసారి ఆమె మూతి సడలింది. తివాచీ, నడుముకు కట్టుకున్న డబ్బు చేతులు మారాయి. కొక్కెం ఒక్క దెబ్బకి పడింది.

మర్నాటికే ఫ్రిజ్ వచ్చింది, నడిచింది. ఇంకో రెండు రోజులకి మళ్ళీ ఐసు తెచ్చుకునే రోజు. తెల్లారేసరికి వెర్నా అలవాటుగా లేచి, తాళంచెవి తీసుకుని, బండి దగ్గరికి నడిచి, తలుపు కూడా తీసింది. డెల్‌బర్ట్ లోపలి నుంచి మందు సీసా పట్టుకొచ్చి ఆవిడ చెంపకి ఆనించాడు. మంచులా ఉంది.

"ఇవాళ నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు," అన్నాడు.

వెర్నా బండి తలుపు వేసేసింది. ఎక్కడ కూర్చోవాలో తోచలేదు. చివరికి మొగుడి పక్కన, గుమ్మం ముందు కూర్చుంది. పదకొండేళ్ళలో ఐసు రోజున ఆ వేళప్పుడు ఇంటి దగ్గర ఎండ కాగుతూ కూర్చోవడం ఆవిడకి ఇదే మొదలు.