భూమి పట్టుకోని రాయి

నా భార్య పోయిన తరువాత ధర్మవరంలోని ఇంట్లో ఉండలేకపోయాను. పెనుకొండ బడికి బదిలీ పెట్టుకుని, ఒక ముసలావిడ ఇంటి మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. కింద ఆమె ఒక్కతే, పైన నేనొక్కణ్ణే. చాలాకాలం పలకరింపులు తప్ప మా మధ్య మాటల్లేవు.

ఒక ఆదివారం సాయంత్రం ఆమె మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. భూమి పక్కనుంచి పెద్ద రాయి పోతోందని టీవీలో చెప్పారట.

"సార్, అది మన మింద పడతాదా?"

"పడదవ్వా. శానా దూరం నుంచి పోతాది."

"భూమి అన్నిటినీ లాగుతాదంటారు కదా. మరి దాన్నెందుకు పట్టుకోదు?"

బడిలో పిల్లలెవరూ అడగని ప్రశ్న అది. కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"రోడ్డు పల్లంలోకి దిగితే, తొక్కకపోయినా సైకిలు వేగం పెరుగుతాది కదవ్వా. ఆ ఊపుతోనే అవతలి మిట్ట ఎక్కేస్తాది. రాయీ అంతే. భూమి లాగేకొద్దీ వేగం పెరుగుతాది. దాటి పోయేటప్పుడు ఆ పెరిగిందంతా తగ్గిపోతాది. కానీ అది యాడినుంచో తెచ్చుకున్న సొంత వేగం ఉండాదే, అది మిగిలిపోతాది. అందుకే దారి కొంచెం వంగుతాది, అంతే. నిలబడదు."

"బ్రేకు పడితే?"

"అప్పుడు భూమి చుట్టూ తిరుగుతా ఉండిపోతాది. కానీ గాలి తగిలో, చందమామ లాంటిదేదో లాగో వేగం తగ్గాల. అది అరుదు."

ఆమె కుర్చీలోంచి లేచి, "ఈ పొద్దు కిందకొచ్చి తిను సార్. సంగటి చేసినా," అంది.

ఆ వంటింట్లో కూర్చుని తింటూ, ఎవరికీ చెప్పని మాటలు చెప్పాను. నా భార్య ఆసుపత్రిలో చివరగా నీళ్లడగడం, నేను తెచ్చేలోపే కళ్లు మూయడం. అవ్వ ఓదార్చలేదు. ఇంకో ముద్ద వేసింది. ఆ తరువాత ఆదివారాలు కిందే తినేవాణ్ణి.

వానలు మొదలయ్యేసరికి అవ్వ కూతురు వచ్చి ఆమెను హిందూపురం తీసుకుపోయింది. కింద తాళం పడింది.

మొన్న ఆమెను చూడాలనిపించి హిందూపురం బస్సెక్కాను. ఇల్లంతా మనవలు, మనవరాళ్లు. "మా మేడమీది సార్," అని అందరికీ చూపించి టీ ఇప్పించింది. ఆమె ముఖం బాగా తేరుకుంది. నన్నేదో అడగబోయేలోగా పసిబిడ్డ ఏడిస్తే లోపలికి వెళ్లింది. ఆమె వస్తుందేమోనని కాసేపు చూసి, కూతురికి చెప్పి బయటికి వచ్చాను. పెనుకొండ బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగానే దొరికింది.