ఒక కంటికే చుక్కలు

ఫ్యాక్టరీలో అతన్ని అందరూ పావురం అనేవారు. పొద్దున్న క్రేన్ గదిలోకి ఎక్కితే సాయంత్రం దాకా దిగడు. పన్నెండు టన్నుల ఇనుప దిమ్మెను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించుతాడు. పదేళ్ళపాటు కింద నిలబడి బరువులకు గొలుసులు తగిలిస్తే గాని ఆ సీటు దక్కలేదు.

ఇప్పుడా సీటుకే ఎసరొచ్చింది. పొద్దున్నే క్రేన్ తాళంచెవి ఇచ్చేముందు సూపర్‌వైజర్ ప్రతి ఆపరేటరు కళ్ళూ చూస్తాడు. నెలన్నరగా పావురం కళ్ళు చింతనిప్పులే.

"మళ్ళీ పట్టించావా?"

"ముట్టనే ముట్టను సార్. కావాలంటే నోరు వాసన చూడండి."

"లవంగం నమిలొస్తే వాసన ఎక్కడుంటుంది? పది రోజులు చూస్తా. అప్పటికీ ఇంతే అయితే కింద గొలుసుల పనికి వెళ్ళు."

ఆ ఎరుపు పోవాలనే అతను నెల కిందటే బావ మందుల షాపులో కంటి చుక్కల మందు కొన్నాడు. డాక్టరు చీటీ అక్కర్లేదు. మొదట్లో వేసిన ఐదు నిమిషాలకే కళ్ళు పాలలా తెల్లబడేవి. రోజుకొక్కసారి సరిపోయేది. తర్వాత మూడుసార్లు, ఇప్పుడు ఆరుసార్లు వేసినా గేటు చేరేలోపే ఎరుపు తిరిగొస్తోంది. పావురానికి అనుమానం బావ మీదికి పోయింది.

"నిజం చెప్పు బావా, ఇందులో నీళ్ళు కలిపావా?"

"వేలెడంత సీసాలో నీళ్ళు కలిపి మేడ కడతానట్రా? సీలు నువ్వే విప్పావుగా!"

"అయితే తేదీ దాటిన సరుకు అంటగట్టావు."

"మీ అక్కనిచ్చేటప్పుడు కూడా నన్నింతగా పరీక్షించలేదు కదరా మీవాళ్ళు!"

పావురం నవ్వలేదు. ఆ సాయంత్రమే నాలుగు వీధులవతల ఇంకో షాపులో అదే మందు కొన్నాడు. అదీ అంతే. అప్పుడు పనివాడి బుర్రతో ఆలోచించాడు. క్రేన్‌లో తేడా వస్తే నాలుగు భాగాలూ ఒకేసారి మార్చకూడదు. ఒకటి మార్చి, మిగతావాటితో పోల్చి చూడాలి. ఆ రోజు నుంచి చుక్కలు కుడికంట్లోనే వేశాడు. ఎడమకంటిని వదిలేశాడు.

మూడు రోజులు ఎడమకన్ను మరీ మండిపోయింది. చెయ్యి సీసా మీదికి పోయేది, వెనక్కి తీసుకునేవాడు.

భార్య నిలదీసింది. "రెండు కళ్ళూ రెండు రకాలుగా ఉన్నాయేంటండీ? ఏం దాస్తున్నారు నా దగ్గర?"

ఆరోరోజుకి ఎడమకంట్లో ఎరుపు తగ్గింది. తొమ్మిదోరోజుకి తెల్లబడింది. మందు పడుతున్న కుడికన్ను మాత్రం ఎర్రగానే ఉంది. పావురం నేరుగా బావ ముందుకెళ్ళి రెండు రెప్పలూ లాగి చూపించాడు.

బావ డబ్బాలోని కాగితం విప్పి చదివాడు. అతని మొహం చిన్నబోయింది. "ఈ మందు కంట్లో సన్నటి రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుందిరా. అందుకే తెల్లగా కనిపిస్తుంది. మందు దిగిపోగానే అవి మళ్ళీ ఉబ్బుతాయి. రోజుల తరబడి వేస్తే ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. మూడురోజులు మించకూడదని ఇక్కడే ఉంది. వరసగా నాలుగు సీసాలు అమ్ముతూ నేను అడగాల్సింది."

"మరి మొదట ఎర్రబడింది దేనికి?"

"అది మందు తీర్చేది కాదు. గాలికి ఆరిపోయినా కళ్ళు ఎర్రబడతాయి. నీ క్రేన్ గదిలో ఫ్యాను ఎటు తిరిగుండేది?"

పావురానికి అప్పుడు వెలిగింది. ఆ ఫ్యాను రెండు నెలలుగా సూటిగా అతని మొహం మీదికే వీచేది; ఎడమకన్ను మండిన రోజే దాన్ని పక్కకి తిప్పాడు.

పదోరోజు సూపర్‌వైజర్ అతన్ని కిటికీ దగ్గరికి లాగాడు.

"ఇదేంటి, ఒక్క కన్నే తాగిందా?"

"తాగుంటే రెండూ ఎర్రబడాలి కద సార్. ఇదిగో, ఈ సీసాలో చుక్కలు కుడికంట్లో వేశాను, ఎడమకంట్లో వెయ్యలేదు. అంతే తేడా."

"ఇది కొత్త నాటకం కాదు కదా?"

"ఇవాళ్టి నుంచి కుడికంట్లోనూ వెయ్యను. మీరే చూద్దురుగాని."

సూపర్‌వైజర్ సీసా లాక్కుని సొరుగులో పడేశాడు. తాళంచెవి బల్ల మీదుగా జరిపాడు, కాని దాని వలయం వేలితో నొక్కిపట్టి వెంటనే వదల్లేదు.

"ఇవాళ్టికి ఎక్కు. ఆ కుడికన్ను తెల్లబడేదాకా రోజూ ఈ కిటికీ దగ్గరే నిలబడాలి."

"నిలబడతాను సార్," అని పావురం తాళంచెవి లాక్కున్నాడు.