ఆదోనిలో డ్రా అయిన ఆట

ఆదోనిలో ఒక ఫంక్షన్ హాల్లో పిల్లల చదరంగం పోటీ పెట్టారు. అప్పుడు నాకు పదమూడేళ్లు. నాకు ఆట నేర్పిన నాయన ఆ ముందటి ఏడాదే పోయాడు. పత్తి మార్కెట్లో హమాలీ ఆయన. బేళ్లు మీద పడ్డాయి. ముఖం చూడొద్దని పెద్దవాళ్లు అమ్మను దగ్గరికి రానివ్వలేదు.

ఎమ్మిగనూరు నుంచి అమ్మా నేనూ బస్సులో వచ్చాం. మధ్యాహ్నం ఆటకు నా ఎదుట కూర్చున్నది ఆదోని పిల్ల, నా ఈడుదే. సగం ఆటకే నాకు ఊపిరాడకుండా చేసింది. నా ఏనుగు ఆమెకు ఊరికే దొరికిపోయేలా ఉంది. తీసుకుంటే ఆట అయిపోయినట్టే. చెయ్యి చాపింది కూడా. అంతలో నా పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఏనుగును వదిలేసి మంత్రితో నా రాజుకు చెక్ పెట్టింది. పక్క గడిలోకి జరిపాను. మళ్లీ చెక్. మళ్లీ పాత గడికే వచ్చాను. అంత ఉక్కపోతలోనూ ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అవే ఎత్తులు తిరిగి తిరిగి వచ్చి, ఆట డ్రా అయింది.

“గెలిచే ఆటను ఎందుకు ఇడిసిపెడితివి పాపా?” అన్నాడు పోటీ జరిపిస్తున్న సారు. ఆమె పావులు సర్దసాగింది. ఆయన అవతలికి పోయాక నాతో మెల్లగా అంది: “నీ పక్కన కూసున్న ఆయప్ప ఎవరు? నేను ఏనుగును తీయబోతే వద్దని తల ఊపుతాండాడు.”

నాకు తల తిప్పే ధైర్యం లేకపోయింది. అప్పుడే నీళ్ల సీసా తీసుకుని వచ్చిన అమ్మ ఆ మాట వింది. ఎవరని అడగలేదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

“మొగం ఎట్లుండాది పాపా? దెబ్బలేమన్నా ఉండాయా?”

ఆ పిల్ల కుర్చీ వైపు చూసింది. “ఏం లేవత్తా. నగుతాండాడు.” తర్వాత ఆమె చూపు పైకి లేచి, మెల్లగా తలుపు వైపు జరిగింది. “లేసినాడు. పోతాండాడు.”

అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. నేను వెళ్లేసరికి గేటు పట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది. ఎండలో ఆటోలు తప్ప ఏమీ లేవు.

తర్వాతి ఆట తొందరగానే ఓడిపోయాను. ఆ పిల్ల పోటీ మధ్యలోనే ఇంటికెళ్లిపోయిందన్నారు. మళ్లీ ఏ పోటీలోనూ నాకు కనబడలేదు.

తిరుగు బస్సులో అమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నాయన పోయాక ఆమె అంత నిశ్చింతగా నిద్రపోవడం నేను చూడలేదు. నేను మాత్రం ఊరు వచ్చేదాకా కిటికీ అద్దంలోకి చూడకుండా, ముందు సీటు వెనక ఎవరో గీకిన పేర్లు చదువుకుంటూ కూర్చున్నాను.