రమణ వేగానికి బలి కాలేదు

మన తెలుగు సంఘం నడిపే ఈ పత్రికకు నేను ఇంతవరకు పంపిన ఉత్తరాల్లో ఒక్కటీ అచ్చు కాలేదు. రైల్వే కాలనీ వీధి దీపాల గురించి రాశాను, జవాబు లేదు. ఉగాది సభలో రిటైరైన డ్రైవర్లను వెనక బెంచీల మీదికి పంపి, నిన్నగాక మొన్న బదిలీ మీద వచ్చిన ఆఫీసర్లను ముందు కుర్చీల్లో కూర్చోబెట్టడం గురించి రాశాను, జవాబు లేదు. తోర్వా రోడ్డు మీద తవ్వి వదిలేసిన గుంట గురించి వానలకు ముందే రాశాను. "అప్పారావుగారికి రిటైరయ్యాక ఇంకేటి పనుంది, రాస్తంటారు" అని మన సంఘం కార్యదర్శిగారు నవ్వారని విన్నాను. ఆ గుంటలోనే పడి నా రమణ చనిపోయాక, ఇప్పుడు నన్నే పిలిచి సంస్మరణ వ్యాసం రాయమన్నారు. రాస్తాను. ఇందులో ఒక్క మాట కొయ్యకూడదు.

గూడ్సు బళ్ల లోకో పైలట్ వెంకటరమణ, ఒకప్పుడు నేను నడిపిన ఇంజన్లో నాకు అసిస్టెంటు, పోయిన నెలలో ఒక ఉదయం గోనె సంచులు కొనుక్కొస్తానని ఇంట్లోంచి వెళ్లి తిరిగి రాలేదు. ఈ వాక్యం నేనే రాసి, నేనే మళ్లీ చదువుకుని, ఎవరి గురించో అనుకుంటున్నాను. మనిషి పోయాడన్న సంగతి నా చెవులదాకా వచ్చింది. లోపలికి ఇంకా దిగలేదు.

రమణకు మోటారు సైకిలంటే ప్రాణం. ఏడాదికి ఒకటి రెండుసార్లు సెలవు పెట్టి, తన బండిని రైల్లో పార్సెల్ చేసి, చెన్నై దగ్గరున్న రేసు ట్రాకుకు వెళ్లేవాడు. అక్కడ పందెం ఉండదు, బహుమతి ఉండదు. మామూలు ఉద్యోగస్థులు ఫీజు కట్టి, రోజంతా తమ సొంత బళ్లను ఆ ట్రాకు మీద నడుపుకుని ఇంటికి వస్తారు. దాన్ని ట్రాక్ డే అంటారు. మన కాలనీలో మాత్రం రమణకు "రేసోడు" అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లలో ఒక్కరూ ఆ ట్రాకు మొహం చూడలేదు. నేను చూశాను.

ఒకసారి నన్ను వెంట తీసుకెళ్లాడు. ఎండలో తోలు సూటు తొడుక్కుని, అద్దాలు విప్పేసి, దీపాలకు టేపు అంటించి, తక్కినవాళ్లు రంగురంగుల డబ్బాల్లో ఏవేవో తాగుతుంటే తను మాత్రం సీసాలో తెచ్చుకున్న చోడంబలి, అదే రాగి జావ, తాగాడు. ట్రాకులోకి దిగాక చూద్దును కదా, కుర్రాళ్లందరూ అతణ్ణి దాటి పోతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగి రాగానే అడిగాను.

"ఏటి రమణా, పిల్లకాయలు కూడా నిన్ను దాటి పోతన్నారు! ఇందుకేనా ఇంత దూరం ఈడ్చుకొచ్చావు?"

హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని నవ్వాడు. "గూడ్సోలం గురువుగారూ. ఎక్స్‌ప్రెస్సుకి లైనివ్వకపోతే ఎలాగ?"

"అచ్ఛా, మరి ఇక్కడ నువ్వు నేర్చుకుందేటి?"

"యాక్సిలరేటర్ ఎవుడైనా తిప్పుతాడు. ఎక్కడ ఒగ్గీయాలో తెలాల. ఈ మలుపులో అదే నేర్చుకుంతన్నాను."

ఆ మలుపు దగ్గర జెండా మనిషి ఉంటాడు. ముందు ప్రమాదముంటే పసుపు జెండా ఊపుతాడు. ఆ మధ్యాహ్నం ఎవరో జారి పడ్డారు, పసుపు జెండా లేచింది. కొందరు కుర్రాళ్లు కాస్త నెమ్మదించి సరిపెట్టుకున్నారు. రమణ మాత్రం జెండా కనబడగానే చెయ్యెత్తి వెనకవాళ్లకు చూపించి, కాలినడకన పోయే వేగానికి దిగిపోయాడు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఆ చెయ్యి ఎత్తడం నేను నేర్పిందే.

రైలు ఇంజను ఎక్కనివాళ్ల కోసం చెబుతున్నాను. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు చెయ్యి చాపి, రెండు పసుపు దీపాలుంటే "డబుల్ ఎల్లో" అని గట్టిగా పిలవాలి. డ్రైవరు కూడా చూసి అదే మాట తిరిగి పిలవాలి. తిరుగు పిలుపు రాకపోతే డ్రైవరుకు ఏదో అయిందన్నమాట. అసిస్టెంటు చెయ్యి అప్పుడు ఎమర్జెన్సీ బ్రేకు మీదికి వెళ్లాలి. కోర్బా గనుల బొగ్గు బళ్ల మీద ఏళ్ల తరబడి నా కుడివైపు సీట్లో కూర్చుని రమణ పిలిచాడు, నేను జవాబిచ్చాను. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్న మాటల కంటే ఆ పిలుపులే ఎక్కువ.

ట్రాకు మీద కూడా హెల్మెట్ లోపల పిలుచుకుంటాడట. బ్రేకు వెయ్యాల్సిన చోటు రాగానే "ఎల్లో" అంటాడట.

"తిరుగు పిలుపు ఎవరిస్తార్రా అక్కడ?" అని ఎగతాళి చేశాను.

"మీ గొంతుతో నానే ఇచ్చుకుంతాను గురువుగారూ" అన్నాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

బండిని రైల్లో బుక్ చేయాలంటే ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు. మన స్టాఫే కదా, కొంచెం ఉన్నా పోనిస్తామని పార్సెల్ ఆఫీసు గుమాస్తా ఒకసారి చనువుగా అన్నాడు. రమణ అక్కడే బండి పక్కకు వంచి ఉన్న కాస్తా తీసేశాడు. "అది ఎక్కేది మన రైలే, దాంట్లో పోయేది మనోల్లే" అన్నాడు బయటికి వచ్చాక. వేగపిచ్చి గలవాడని మీరు చెప్పుకుంటున్న మనిషి ఇతనే.

అతను పోయిన రోజు ఉదయం కూడా అదే పని. రాత్రంతా వాన కురిసి వెలిసింది. సాయంత్రం బండి పార్సెల్ ఆఫీసుకు చేరాలి. నేను గొట్టం పట్టుకుంటే తను పెట్రోలంతా డబ్బాలోకి దించాడు. అద్దాలు విప్పాడు. గీతలు పడకుండా బండికి గోనె చుట్టబోతే సంచులు చాల్లేదు. తోర్వాలో బియ్యం వ్యాపారి దగ్గర దొరుకుతాయన్నాడు. తన భార్య పార్వతి నడిపే స్కూటర్‌ను తీసుకుని, హెల్మెట్ పట్టీ బిగించుకుని, "మీరు ఈ పక్క కుడుతూ ఉండండి గురువుగారూ, ఇలాగెళ్లి అలాగొచ్చెత్తాను" అన్నాడు.

నేను దబ్బనంలో పురికొస ఎక్కించి ముందు చక్రం దగ్గర కుడుతూ కూర్చున్నాను. ఫోను మోగింది. బియ్యం కొట్టువాడు. "అంకుల్, జల్దీ ఆయియే, భయ్యా గిర్ గయే" అన్నాడు. రమణ పడ్డాడంటే మోచెయ్యి గీసుకుపోయి ఉంటుందనుకున్నాను. ట్రాకు మీద పడి లేచి, దుమ్ము దులుపుకుని, జెండా మనిషికి చెయ్యెత్తి చూపించినవాడు కదా. దబ్బనం చేతిలోనే ఉంది, అలాగే ఆటో ఎక్కాను.

గుంట నిండా వాన నీళ్లు. పైనుంచి చూస్తే రోడ్డూ గుంటా ఒక్కలాగే ఉన్నాయి. అడ్డంగా కర్ర లేదు, ఎర్ర గుడ్డ లేదు. లోపలున్న సిమెంటు గొట్టం అంచు ఛాతీకి తగిలింది. హెల్మెట్ మీద గీత కూడా పడలేదు. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయిందన్నారు. ఎవరి గురించి చెబుతున్నారని నేను డాక్టరును రెండోసారి అడిగానట. నాకు గుర్తు లేదు.

"బాబాయిగారూ, ఆయన నా స్కూటర్ మీద ముప్పై దాటరు" అంది పార్వతి, అందరి మొహాలూ చూస్తూ. "ఆటోలు కూడా మనల్ని దాటిపోతన్నాయండీ అని నానే దెప్పేదాన్ని. మరి ఏటి ఇలాగయ్యింది?"

ఆ ప్రశ్నకు మన సంఘం ఇచ్చిన జవాబు ఏమిటి? సంతాప సభలో కార్యదర్శిగారు లేచి, వేగమే అతని ప్రాణమనీ, ఆ వేగమే అతణ్ణి తీసుకుపోయిందనీ గద్గద స్వరంతో చెప్పారు. అందరూ తలలూపారు. నేను మాట్లాడతానని లేచాను. "కూర్చోండి అప్పారావుగారూ, భోజనాలు చల్లారిపోతన్నాయి" అన్నారు. తరువాత, తోలు సూటులో బండి మీదున్న ఫోటో వేసి, కింద "వేగానికి బలి" అని కరపత్రం పంచారు. ఆ ఫోటోలో ఉన్న బండిలో ఆ ఉదయం చుక్క పెట్రోలు లేదు. దించేటప్పుడు గొట్టం పట్టుకున్నవాణ్ణి నేను. ఇప్పటికీ అది సగం కుట్టిన గోనెలో, వాళ్ల క్వార్టరు వరండాలో ఉంది.

రమణ కూతురు ఏడో తరగతి. హిందీ బడి, తెలుగు సరిగా రాదు. ఆ కరపత్రం మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, నన్ను అడిగింది: "తాతా, బలి అంటే క్యా? పాపా రేస్ కర్ రహే థే క్యా?" నాన్న రేసు చేస్తూ పోయాడా అని. తండ్రి కోసం ఆ పిల్ల కష్టపడి చదివిన తెలుగు అది. అది అబద్ధం. దిద్దకపోతే, పెద్దయ్యాక కూడా తండ్రి తన సరదా కోసం తమను వదిలిపోయాడనే అనుకుంటుంది. అందుకే ఈ వ్యాసం రాయడానికి ఒప్పుకున్నాను.

నేను ఎవరి మీద ఏం ఫిర్యాదు చేసినా మర్నాటికి వచ్చి, "అయితే ఏటంటారు గురువుగారూ?" అని కూర్చునేవాడు రమణ ఒక్కడే. ఒప్పుకునేవాడు కాదు, వాదించేవాడు, కానీ జవాబు చెప్పేవాడు. అలాంటివాడు ఇక నాకు దొరకడు. రైలు పట్టాల దగ్గర నలుగురు కూలీలు మట్టి తవ్వితే దూరం నుంచే మాకు బోర్డు పెడతారు, ఎర్ర జెండా పాతుతారు. పరాయి ఊళ్లో ట్రాకు మీద అతని కోసం ఎండలో ఒక మనిషి పసుపు జెండా పట్టుకుని నిలబడ్డాడు. సిగ్నల్ చూపిస్తే ఒక్కసారి కూడా దాటని మనిషికి సొంత ఊరు ఒక్క గుడ్డపీలిక చూపించలేదు.

అతను పోయిన మర్నాడే గుంట పూడ్చేశారు. అంటే, అది తమదేనని ఎవరికో తెలుసు. అడగడానికి వెళ్తే ఒక ఆఫీసువాళ్లు ఇంకో ఆఫీసును చూపిస్తున్నారు. కార్యదర్శిగారు కరపత్రంలో తప్పు దిద్దడానికి సభ్యుల అభిప్రాయం తీసుకోవాలంటున్నారు. నమస్కారం రమణా, నీ పక్క సీటువాడు ఇంకా కుర్చీలోంచి లేవలేదు. పిలుస్తూనే ఉన్నాడు. తోర్వా రోడ్డు మీద ఆ గుంట తవ్వించింది ఎవరు? ఎర్ర గుడ్డ కట్టాల్సింది ఎవరు? పేరు చెప్పండి. తిరుగు పిలుపు ఇవ్వండి.