చెరువు గట్టున కుదిరిన చుట్టరికం

1983 జూలైలో, వానలు పట్టిన కొత్తలో, నాకు చెరువు పని అప్పగించారు. అప్పటికి భిలాయి ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్ సంక్షేమ విభాగంలో నేను మహిళా ఆర్గనైజర్‌ని. హోదాలో సహాయికల కన్నా ఒక మెట్టు పైన, వెల్ఫేర్ ఆఫీసరుకు రెండు మెట్లు కింద. కుట్టు తరగతులు, టీకాల శిబిరాలు, వయోజన విద్య, ఏ పని పేరుతోనైనా సరే, క్వార్టర్లలో నలుగురు ఆడవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టాలంటే నాకే కబురు వచ్చేది. నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. విజయనగరంలో మా నాన్నగారు పూజ ముగించుకుని, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన చదువే నా చదువు. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక హిందీ నేర్చుకుని, ప్రైవేటుగా మెట్రిక్ గట్టెక్కి, ఈ ఉద్యోగంలో చేరాను. అందరూ నన్ను దీదీ అనేవారు. మన ఉత్తరాంధ్ర వాళ్ళకు ఒట్టి దీదీ అంటే మర్యాద చాలదనిపించి ‘దీదీగారూ’ అనేవారు. అంత తక్కువ చదువున్న మనిషిని అంత ఆదరించిన ఊరికి నేటికీ పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాను.

ఆ చెరువు కొత్త క్వార్టర్ల వెనుక ఉండేది. టౌన్‌షిప్ కట్టక ముందు అక్కడున్న ఊరి చెరువు అది. ఊరిలో కొంత భాగం అవతలి గట్టున చిన్న బస్తీగా మిగిలింది. ఇవతలి గట్టున క్వార్టర్ల వెనుక గోడలు. మన వాళ్ళకు చెరువంటే వంటింటి చెత్త విసిరే దిక్కు, దోమలు వచ్చే దిక్కు. దాన్ని స్లాగుతో, అంటే కొలిమిలో ఇనుము తీశాక మిగిలే గట్టి మడ్డితో పూడ్పించి, పిల్లలకు మైదానం చేయించమని క్వార్టర్ల వాళ్ళు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. కార్తీక మాసం వెళ్ళాక సభ పెట్టి, చేతులు ఎత్తించి తేల్చాలని నిర్ణయమైంది.

మా వెల్ఫేర్ ఆఫీసరు మిశ్రాగారు నన్ను పిలిచి పని వివరించారు. చెరువు ఉంటే ఏమిటి, పోతే ఏమిటి అన్నది జనానికి తెలిసేలా ఆ లోపల కార్యక్రమాలు జరపాలి. “ఒప్పించమని చెప్పడం లేదు. తెలిసి చెయ్యెత్తేలా చూడండి, చాలు,” అన్నారు. ఈ వృత్తిలో అంతకన్నా కష్టమైన ఆజ్ఞ నేను వినలేదు.

అర్జీకి సంతకాలు సేకరించినది అప్పలనరసమ్మ. శ్రీకాకుళం వైపు మనిషి, భర్త క్రేన్ ఆపరేటరు. వాళ్ళ వంటింటి కిటికీ తెరిస్తే చెరువే. కిందటి ఏడు వాళ్ళ చిన్నమ్మాయికి మలేరియా వచ్చి ప్రాణం మీదికి తెచ్చింది. కాబట్టి ఆవిడ కోపాన్ని మూర్ఖత్వం అనడానికి నాకు నోరు రాలేదు.

అవతలి గట్టు మనిషి దుకల్హిన్ బాయి. కేవట్ల ఇంటి కోడలు, అంటే పడవ, చేపల పని చేసుకునేవాళ్ళ కోడలు, భర్త లేడు. ఆ చెరువులో సింఘాడా వేసుకునే హక్కు ఊరు ఉన్నప్పటి నుంచీ వాళ్ళ ఇంటిది. సింఘాడా అంటే నీటి మీద తీగలా పాకి, కొమ్ముల కాయలు కాసే పంట. ఉడకబెట్టి తింటారు, ఎండబెట్టి పిండి చేస్తారు. ఉపవాసాలకు ఆ పిండి లేనిదే అక్కడ జరగదు. నేను వెళ్ళేసరికి ఆవిడ నడుము లోతు నీళ్ళలో తీగలు నాటుతోంది. పూడ్చేస్తారట కదా, మరి నాటుతున్నావేమిటి బాయీ అని అడిగాను. కార్తీకం దాకా ఉంటుందన్నారుగా, కార్తీకానికి కాయ కోతకొస్తుంది, ఆ తర్వాత సంగతి రాముడు చూసుకుంటాడు అంది. ఆ మాట పట్టుకునే నేను ఇంటికి వచ్చాను.

మా విభాగంలో ఏ ప్రచారానికైనా ఒక వరుస ఉండేది. ముందు ఇంటింటి సర్వే, తర్వాత సభ, ఆ తర్వాత చర్య. వరుస తప్పకుండా సర్వే చేశాను, సభ పెట్టాను. కమ్యూనిటీ హాలులో స్లైడు ప్రొజెక్టరు, గోడకు పోస్టర్లు, చివర సమోసాలు. రాయ్‌పూర్ నుంచి వచ్చిన ఉపన్యాసకుడు ఆర్ద్రభూమి, అంటే చిత్తడి నేలల గురించి మంచి హిందీలో చెప్పారు. ఈ ప్రాంతంలో వాన నీళ్ళు చేరే పల్లం ఇదొక్కటేనని, పూడిస్తే ఆ నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయని కూడా చెప్పారు. హాలు వెనుక సమోసాలు వేగుతున్న వాసన ముందు ఆ మాట నిలవలేదు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. అప్పలనరసమ్మ లేచింది.

“దీదీగారూ, బొమ్మల్లో నీళ్ళు సాలా బాగున్నాయి. మా ఎనకాతల నీళ్ళు ఓపాలి వొచ్చి సూడండి. ఆ దోమలు పిల్లగుంటల్ని ఎత్తుకు ఎల్లిపోయేలా ఉన్నాయి!”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను! ఆ సాయంత్రం మిశ్రాగారు హాజరు బాగుందన్నారు. హాజరు సమోసాలదని ఇద్దరికీ తెలుసు.

ఇంటింటి సర్వేలో నాకు ఒక సంగతి కనిపించింది. అన్నేళ్ళుగా చెరువును తిట్టుకుంటున్న ఆడవాళ్ళలో చెరువు గట్టు మీద నిలబడినవాళ్ళు దాదాపు లేరు. అందరూ కిటికీలోంచి చూసినవాళ్ళే. అందుకని బొమ్మలు చూపించడం మాని, వాళ్ళనే గట్టుకు తీసుకుపోవాలనుకున్నాను.

శ్రావణంలో ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్ళు భోజలి వేస్తారు. బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, ఎండ తగలని చోట పెంచుతారు. మొలకలు బంగారు రంగులో జానెడు పొడుగు లేస్తాయి. రాఖీ మర్నాడు ఆ బుట్టలు నెత్తిన పెట్టుకుని, చెరువు నీటినే గంగమ్మగా పిలుస్తూ పాడుకుంటూ వెళ్ళి, అక్కడ కలుపుతారు. మా వాళ్ళను తీసుకురావచ్చా అని దుకల్హిన్ బాయిని అడిగాను. గంగ దగ్గరికి రావడానికి నన్ను అడుగుతావేమిటి దీదీ అంది.

క్వార్టర్లలో ‘పేరంటం’ అనే చెప్పాను. పేరంటమంటే మన వాళ్ళు కాదనరు. అప్పలనరసమ్మ కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది. “పేరంటం గనక వొచ్చినాను. అర్జీ మాత్రం ఎనక్కి తీసుకోను, ముందే సెప్తన్నాను,” అంది దారిలోనే.

బుట్టలు నీళ్ళలో కలిపాక, కొన్ని మొలకలు దాచి ఒకరికొకరు పంచుకోవడం వాళ్ళ ఆచారం. దుకల్హిన్ బాయి తడిచీరతో గట్టెక్కి, ఎదురుగా ఉన్న అప్పలనరసమ్మ చెవి మీద రెండు మొలకలు దోపింది. మన వాళ్ళకు పేరంటంలో ఒకరు పువ్వు పెడితే తిరిగి పెట్టకపోవడం అమర్యాద. అప్పలనరసమ్మ ఆవిడ చేతిలోని మొలకల్లోంచే రెండు తీసి, దుకల్హిన్ చెవి మీద దోపి, అలవాటు కొద్దీ వంగి దణ్ణం కూడా పెట్టింది.

గట్టు మీద ఆడవాళ్ళంతా ఒక్కసారి గొంతెత్తి కేరింతలు కొట్టారు. పాట మళ్ళీ మొదలైంది. దుకల్హిన్ బాయి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని “సీతారామ్ భోజలి!” అంది.

“ఏటి దీదీగారూ, ఏటంతన్నాది? ఈళ్ళంతా ఎందుకలా అరుస్తన్నారు?”

నేను మెల్లిగా చెప్పాను. అలా మొలకలు మార్చుకుంటే ఇద్దరూ భోజలి అవుతారు. తోడబుట్టినదాని కన్నా గట్టి చుట్టరికం. ఇక జన్మలో ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, ఎక్కడ కనబడినా సీతారామ్ భోజలి అనే పలకరించాలి. మంచికీ చెడ్డకీ రెండిళ్ళూ ఒకటి.

“ఓలమ్మో! నాను పెసాదం అనుకున్నాను గదా!” అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి, “ఇప్పుడు కాదంటే?” అంది.

గంగమ్మ ముందు జరిగిందమ్మా, కాదనడానికి నాకు ధైర్యం లేదు, నీకుంటే చెప్పు అన్నాను. ఆవిడా దైవభీతి ఉన్న మనిషే. “సీతారామ్ భోజలి,” అంది నీరసంగా. గట్టు మళ్ళీ కేరింతలు కొట్టింది.

వారం తిరక్కుండా కొత్త చుట్టం క్వార్టరు తలుపు తట్టింది, ఒడినిండా తూటికూరతో. అది చెరువు అంచున పాకే కూర. శ్రీకాకుళం విడిచాక అప్పలనరసమ్మ దాని రుచి చూడలేదట. “ఇన్నేళ్ళూ మా గోడకవతలే ఉందిటండీ, దీదీగారూ! నాను దుర్గ్ మార్కెట్టంతా ఎతికినాను!” అని నాకు కబురు చెప్పింది. మారుగా ఆవకాయ ఇచ్చింది. దుకల్హిన్ పిల్లలు అది తిని నీళ్ళ కోసం పరుగులు పెట్టారట. ఆ మాట చెప్పుకుని ఇద్దరూ నవ్వారు. ఒకరిది సగం హిందీ, ఇంకొకరిది వాళ్ళ ఛత్తీస్‌గఢీ, అయినా నవ్వుకు ఇబ్బంది రాలేదు.

కానీ దోమల మాట దోమల మాటే. “సుట్టరికం సుట్టరికమే. మా గుంటకి మళ్ళీ జొరమొస్తే మా భోజలి వొచ్చి తగ్గిస్తాదా?” అంది అప్పలనరసమ్మ. న్యాయమైన ప్రశ్న. దానికి ఉపన్యాసం జవాబు కాదు.

మలేరియా విభాగాన్ని సాయం అడిగాను. వాళ్ళకు పొడుగు పిడి ఉన్న తెల్ల గరిటె ఉంటుంది. నిలవ నీటిలో ముంచి తీస్తే, తెలుపు మీద దోమ పిల్లలు నల్లగా వంకర్లు తిరుగుతూ కనిపిస్తాయి. ఆ పరీక్షనే మేము పండగ చేశాం. ‘దోమల వేట’ అని పేరు పెట్టి, వీధికొక ఆడవాళ్ళ జట్టు, చేతికొక గరిటె. దోమ పిల్లలు తక్కువ దొరికిన వీధికి స్టీలు బాల్చీలు బహుమతి. వేట చెరువుతోనే మొదలుపెట్టాం. సింఘాడా తీగల మధ్య ఎన్ని చోట్ల ముంచినా గరిటెలో చేప పిల్లలే ఎక్కువ. ఇవతలి అంచున, మనం విసిరిన చెత్త కుళ్ళుతున్న గుంటల్లో మాత్రం నల్లగా వచ్చాయి. అక్కడి నుంచి జట్లు క్వార్టర్ల మీద పడ్డాయి.

వేసవి వెళ్ళాక కూలర్ల లోపలి నీళ్ళు పారబోయని ఇళ్ళే అన్నీ. మూత లేని తొట్లు, పాత టైర్లు, డబ్బాలు. అప్పలనరసమ్మ వీధి జట్టుకు ఆవిడే నాయకురాలు. ఎదురింటి కూలరులో ముంచి, గరిటె అందరికీ ఎత్తి చూపించి, ఆ ఇల్లాలికి పెద్ద క్లాసు పీకింది. ఆ ఇల్లాలు ఊరుకుంటుందా! గరిటె లాక్కుని తిన్నగా అప్పలనరసమ్మ ఇంటికి నడిచి కూలరులో ముంచింది. గరిటె నల్లబడిపోయింది.

“ఓసి నీ అమ్మకడుపు కాల! నా ఇంట్లోనే కాపరం ఎట్టినాయా!” అని దోమలనే తిట్టి, కూలరు ఎత్తి వాకిట్లో బోర్లించింది. బాల్చీలు వేరే వీధికి పోయాయి. ఆ మర్నాడు ఆవిడే ముందుండి చెరువు అంచున చెత్త ఎత్తించింది. నాచూ, అంచున గడ్డీ కూడా మొత్తం పీకేద్దాం, శుభ్రంగా ఉంటుంది అని కొందరు దిగబోతే, “ఉంచండే! ఆ గడ్డిలో బాతులు పిల్లల్ని ఎట్టుకున్నాయి, మా భోజలి సూపించింది,” అని అడ్డుపడింది.

అంతకు ముందు మన వాళ్ళు కార్తీక పున్నమికి వాకిట్లో నీళ్ళ తొట్టిలోనే దీపాలు వదిలేవారు. ఆ ఏడు అరటి దొప్పల దీపాలు చెరువుకు వెళ్ళాయి. కాయ కోత సగమయింది. దీపాలు సాగడానికి దుకల్హిన్ బాయి తీగలు జరిపి దారి చేసింది. రెండు గట్ల ఆడవాళ్ళూ ఒకే నీళ్ళకు దణ్ణం పెట్టుకోవడం చూసి, నేను దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు. అయినా చేతులెత్తే సభ ఇంకా మిగిలే ఉంది.

సభలో మైదానం కావాలన్నవాళ్ళు గట్టిగానే మాట్లాడారు. తప్పేముంది, పిల్లలకు ఆట స్థలం లేదు. అప్పలనరసమ్మ లేవగానే ఒకాయన అందుకున్నాడు. భాభీజీ, ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చింది మీరే కదా అన్నాడు.

“తెచ్చినాను భయ్యా. అప్పుడు కిటికీలోంచి సూసినాను,” అని హిందీలో మొదలుపెట్టి, ఆవేశంలో తెలుగులోకి జారిపోయింది. నేను పక్కనుంచి హిందీలో చెబుతూ వచ్చాను. “ఆ పల్లం పూడ్సేస్తే ఇంత వాననీళ్ళూ ఎక్కడికి ఎల్తాయి? మీ ఇంట్లోకా, మా వొంటింట్లోకా? దోమలంటారా, ముందు ఎవురి కూలరు ఆళ్ళు బోర్లించుకోండి. ఆ నీళ్ళమీద మా భోజలి పిల్లల్ని సాక్కుంటన్నాది. పూడిసినాక నాను దాని మొకం ఎలాగ సూడాల?”

రాయ్‌పూర్ ఉపన్యాసకుడు చెప్పిన వాననీటి మాటే అది. ఈసారి హాలు విన్నది. ఎత్తుగా, పొడిగా ఉండే ఒక పక్క నేలను చదును చేసి మైదానం చేయాలని, నీటి భాగం ముట్టుకోకూడదని మిశ్రాగారు ప్రతిపాదన పెట్టారు. చేతులు లేచాయి. ఎత్తనివాళ్ళు కొందరున్నారు. నేల చదునైన మర్నాడే వాళ్ళ పిల్లలే ఆ మైదానంలో ముందుగా వికెట్లు పాతారు.

నివేదికలో భోజలికి తగిన గడి లేదు. ‘ఇతర కారణాలు’ అన్న చోట రాస్తే, మిశ్రాగారు చదివి, చెరిపెయ్యకుండా సంతకం చేశారు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నేను తయారుచేసిన ఏ ప్రణాళికలోనూ సభను ముందు పెట్టలేదు. ఒక పని కోరేవాళ్ళ ఇంటికీ, దానివల్ల నష్టపోయేవాళ్ళ ఇంటికీ రాకపోకలు కుదిరాయా అని ముందు చూసేదాన్ని. కుదిరితేనే పోస్టర్లు బయటకు తీసేదాన్ని. తర్వాత నాకు అప్పగించిన చెరువుల్లో అన్నిచోట్లా కుదరలేదు. అలాంటి చోట్ల గడువు ముంచుకొచ్చి, పాత వరుస ప్రకారమే సర్వే చేశాం, సభలు జరిపాం. ఆ సభలకు హాజరు బాగానే ఉంది. ఆ చెరువులు మాత్రం ఇప్పుడు లేవు.